లోటు పడిన మూడు సూదులు

ముందుగా ఆ రోజు గండికోటలో ఎవరెవరు ఉన్నారో, ఏమేమి ఉన్నాయో రాస్తాను.

పిల్లలు ఇరవై రెండు మంది. ఆరు దేశాల వాళ్ళు, పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ళ మధ్య వయసు. వాళ్ళను తీసుకొచ్చిన క్యాంపు పెద్ద, హాలండులో బడిపంతులమ్మగా పని చేసే ఒకావిడ. కొలత చైను పట్టే చైన్‌మన్ ఖాసిం సాబ్. వంట చూసుకునే మా వదిన చెన్నమ్మ. నేను. వంద అడుగుల ఇనుప చైను ఒకటి. ఎరుపు తెలుపు పట్టీలు వేసిన కర్రలు ఆరు. దిక్సూచి ఒకటి. కొలతలు రాసుకునే ఫీల్డు బుక్కులు ఆరు. సూదులు పది.

నేను ఇంజనీరింగు డిప్లొమా చదివినవాణ్ణి. మా వీధిలో ఒకామెకు పూనకం వస్తే అందరూ దండం పెడుతుంటే నేను నాడి పట్టుకొని నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కపెట్టాను. దయ్యాలను అప్పుడు నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అయినా ఇది రాస్తున్నానంటే ఒకటే కారణం. ఇందులో ఉన్న అంకెలన్నీ నేను స్వయంగా కొలిచినవి.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. ఊరంతా డేరాలు, రేకుల షెడ్లు. ఆ షెడ్లు వేయించే పనిలో నేను సూపర్‌వైజరుగా ఉండేవాణ్ణి. వయసు ఇరవై మూడు. విదేశాల నుంచి పిల్లలు వస్తున్నారు, ఆరు వారాలు గండికోటలో ఉంటారు, పొద్దున పూట ఏదో ఒక చేతిపని నేర్చుకుంటారు, ఇంగ్లీషు వచ్చి భూమి కొలవడం నేర్పగలవాడు కావాలి అని మా పై అధికారికి ఉత్తరం వచ్చింది. ఆయన నన్ను పిలిచి అడిగాడు. గండికోట అనే మాట వినగానే వెళ్తానన్నాను.

వాళ్ళ దేశాల్లో అది వేసవి సెలవుల కాలం. మన దగ్గర ఆషాఢం. సీమలో ఆషాఢం గాలి సంగతి తెలిసినవాడెవడూ ఆ నెలలో డేరా వెయ్యడు. ఎర్రమట్టి లేచి వచ్చిందంటే ఎదుటి మనిషి కనపడడు. ఈ సంగతి నిర్వాహకులకు ఎవరూ చెప్పలేదు. మా వదిన మొదటి రోజే ఎగిరిపోతున్న డేరా గుడ్డను పట్టుకొని, "వాళ్ళ దేశంలో దుమ్ము దొరకదంటనా, ఈడికొచ్చి తింటాండారు," అంది.

వదిన ఆ పిల్లలకు తొందరగానే అలవాటు పడింది. వాళ్ళకు జొన్నరొట్టె నచ్చింది, కారం నచ్చలేదు. డెన్మార్కు నుంచి వచ్చిన ఇంగర్ అనే పదహారేళ్ళ అమ్మాయికి మిరపకాయ చూస్తేనే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. "ఈ పాపకు ఊరిమిండి పెడితే పాపం తగుల్తాది," అని రోటిపచ్చడికి బదులు ఆ పిల్లకు విడిగా పెరుగు తోడుపెట్టేది. ఆ పెరుగు గిన్నె మీద సిలోన్ నుంచి వచ్చిన నిమల్ అనే అబ్బాయికి కన్ను ఉండేది. వాడు ఆకు మీద ఏది వేసినా మిగల్చడు. వదిన వాడికి "సంగటి బకాసురుడు" అని పేరు పెట్టింది. పేరుకు అర్థం చెప్పినా వాడు నవ్వుతూనే గిన్నె చాపేవాడు.

ఒక్క విషయం మాత్రం నేను గమనించాను. వంటడేరా ముందు పొయ్యి పెట్టేటప్పుడు వదిన రాళ్ళను రెండుసార్లు జరిపింది. చివరికి వీపు లోయ వైపు ఉండేలా పెట్టుకుంది. ఎందుకని నేను అడగలేదు. నాకు తెలుసు.

మా అన్న ఓబులేసు అంతకు నాలుగేళ్ళ ముందు అక్కడే తప్పిపోయాడు.

అన్న చైన్‌మన్. నాకంటే పదేళ్ళు పెద్ద. నాయన పోయాక నన్ను చదివించింది ఆయనే. నేను బడికి సెలవులున్నప్పుడు ఆయన వెంట లైను మీదికి, అంటే కొలత జరిగే చోటికి, వెళ్ళేవాణ్ణి. కొలత అంటే ఏమిటో డిప్లొమా కంటే ముందు ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కాబట్టి ఆ పద్ధతి కాస్త చెప్పాలి. తర్వాత జరిగిందంతా దాని మీదే ఆధారపడి ఉంది.

చైను పొడవు వంద అడుగులు. ముందు పిడి ఒకరు పట్టుకుంటారు, వెనక పిడి ఇంకొకరు. ముందు మనిషి చేతిలో పది సూదులు ఉంటాయి. సూది అంటే అడుగున్నర ఇనుప కడ్డీ, ఒక కొన వాడి, రెండో కొన ఉంగరంలా వంచి ఉంటుంది. చైను బిగుతుగా లాగిన చోట ముందు మనిషి ఒక సూది నేలలో గుచ్చి ముందుకు పోతాడు. వెనక మనిషి ఆ సూది దగ్గరికి వచ్చి, అక్కడి నుంచి మళ్ళీ చైను పట్టి, కదిలేటప్పుడు సూదిని పీకి తన చేతిలో పెట్టుకుంటాడు. వెనక మనిషి చేతిలో ఎన్ని సూదులుంటే అన్ని చైన్లు అయినట్టు. పది చేరాక అతను పిడి కింద పెట్టి, ముందుకు నడిచివెళ్ళి, పదీ ముందు మనిషికి అప్పగించాలి. మళ్ళీ మొదటి నుంచి లెక్క.

దూరం నుంచి మాట వినపడదు కాబట్టి చేతులతో సైగలు ఉంటాయి. చెయ్యి పక్కకు చాపితే అటు జరుగు. రెండు చేతులు పైకెత్తి దించితే గుచ్చు. రెండు చేతులూ తల మీద అడ్డంగా పెడితే ఆగు. పుస్తకంలో ఉన్న సైగలు ఇవే. పిల్లలకు నేను నేర్పినవీ ఇవే.

అన్నకు ఆగు అనే సైగ వేరే ఉండేది. ఎండ కాస్తున్నప్పుడు నేల మీద ఆవిరిలాగా ఆడుతుంది కదా, అందులో చేతులు కనపడవని ఆయన అనేవాడు. అందుకని ఆపాలనుకుంటే ఆయన కూర్చునేవాడు. కుడి మోకాలు పైకి పెట్టి, ఎడమ అరచెయ్యి నేలకు ఆనించి, ఉన్నట్టుండి సగం మనిషి అయిపోయేవాడు. అది ఎంత దూరం నుంచైనా తెలిసిపోతుంది. చిన్నప్పుడు నేను వెనక పిడి పట్టుకొని నడుస్తూ ఉంటే, దూరంగా తెల్ల తలగుడ్డ ఒక్కసారి కిందికి దిగేది. నేను ఆగిపోయేవాణ్ణి. ఈ పద్ధతి మా అన్నది మాత్రమే. ఇన్నేళ్ళలో ఇంకెవరూ అలా చెయ్యగా నేను చూడలేదు.

ఆయన తప్పిపోయిన రోజు సంగతి ఇది. పెన్న మీద ఏదో పథకం కోసం కోట బయట నుంచి లోయ అంచు వైపు ఒక లైను కొలుస్తున్నారు. ముందు అన్న, వెనక ఖాసిం సాబ్. ఖాసిం సాబ్ చేతిలో ఏడు సూదులు చేరాయి. ఎనిమిదో చైను పరిచారు. అప్పుడు ఎర్రదుమారం లేచింది. అది తగ్గేసరికి చైను పరిచింది పరిచినట్టే ఉంది, ముందు పిడి నేల మీద ఉంది, అన్న లేడు. ఆయన చేతిలో ఉండాల్సిన మూడు సూదులు కూడా లేవు. మూడు రోజులు అంచు పొడుగునా, కింద ఏటి పొడుగునా వెతికారు. ఏమీ దొరకలేదు.

ఆఫీసు వాళ్ళు రిజిస్టరులో రెండు ముక్కలు రాశారు. చైన్‌మన్ పరారీ. సూదులు లోటు, మూడు. మూడు ఇనుప కడ్డీల కోసం ఎవరూ పెళ్ళాన్ని, ఇంటిని వదిలి పారిపోరని నేను ఆఫీసుకు వెళ్ళి చెప్పాను. శవం చూపించు, మారుస్తామన్నారు.

మా ఊరు వేంపల్లెలో సగం మంది ఆయన లోయలో పడ్డాడన్నారు. సగం మంది బళ్ళారిలో ఎవరో చూశారన్నారు. వదిన గాజులు తియ్యలేదు, బొట్టు తియ్యలేదు. ఉంచుకున్నందుకు కొందరు తప్పుపట్టారు, పారిపోయినవాడి కోసం ఎందుకని ఇంకొందరు అన్నారు. నాలుగేళ్ళు ఆమె ఎవరికీ జవాబు చెప్పలేదు. గండికోటలో వంటకు మనిషి కావాలని నేను ఇంట్లో అన్నప్పుడు మాత్రం, "నేనొస్తా," అని ఒక్క మాట అంది.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. పిల్లలకు కొలత నేర్పడానికి కోట లోపల కావలసినంత చోటు ఉంది. మొదటి రెండు వారాలు అక్కడే నేర్పాను. వాళ్ళు చురుకైన పిల్లలు. ఎవరి భాషలో వాళ్ళు చైన్లు లెక్కపెట్టేవాళ్ళు, ఆ లెక్కలన్నీ ఒకేసారి వినపడుతుంటే సంతలో ఉన్నట్టుండేది. సూదికి బదులు తన పెన్సిలు గుచ్చి నిమల్ ఒకసారి అందరినీ వెతికించాడు. ఇంగర్ ఎప్పుడూ తప్పు చెయ్యదు. నేను చెప్పిన నియమం ఎలా ఉంటే అలా, అక్షరం మార్చకుండా చేసేది. నా పెట్టెలో అన్న ఆఖరి లైను తాలూకు ఫీల్డు బుక్కు పేజీ నకలు ఉంది. మూడో వారంలో ఆ లైనును పిల్లల చేత కొలిపించాలని నిర్ణయించాను. వాళ్ళ కోసం కాదు. ఎనిమిదో సూది ఎక్కడ పడాలో ఆ చోట నేను ఒక్కసారి నిలబడాలి. అంతే నా కోరిక.

అంచుకు రెండు వందల అడుగుల లోపలికి పిల్లలెవరూ పోకూడదని క్యాంపు పెద్ద నియమం పెట్టింది. నేను ముందు రోజు ఒక్కణ్ణే వెళ్ళి కొలిచాను. లైను మొదలయ్యే పాత సర్వే రాయి నుంచి లోయ అంచుకు వెయ్యీ ఎనభై అడుగులు. ఎనిమిది చైన్లు అంటే ఎనిమిది వందలు. ఇంకా రెండు వందల ఎనభై మిగులుతుంది. కాగితం మీద నియమం తప్పలేదు. అంచు దాకా ఉన్న నేలనంతా కూడా నేను చూసుకుంటూ నడిచాను. గడ్డి, గులకరాళ్ళు. ఇంకేమీ లేదు.

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు మొదలుపెట్టాం. ముందు నిమల్, వెనక ఇంగర్. ఎనిమిదో చైను పరిచి ఆపేయమని ఇద్దరికీ చెప్పాను. దుమ్ము లేస్తే ఎక్కడివాళ్ళక్కడ బోర్లా పడుకోమని కూడా చెప్పాను. మిగతా పిల్లలు కోణాలు రాసుకుంటూ నాతో పాటు నెమ్మదిగా వెనక వస్తున్నారు. ఖాసిం సాబ్ నీళ్ళ కుండతో మా పక్కన ఉన్నాడు. ఆయన ముఖం బాగోలేదు. ఏ లైనో ఆయనకు రాయి చూడగానే తెలిసిపోయింది. "వద్దప్పా ఈ లైను," అని ఒకసారి అన్నాడు. నేను విననట్టు ముందుకు నడిచాను.

పది గంటలకు నేను నాలుగో చైనుకూ ఐదో చైనుకూ మధ్య ఉన్నాను. ఇంగర్ ఏడో చైను దగ్గర, నిమల్ ఎనిమిదో చైను బిగిస్తూ కనిపించారు. పడమర నుంచి దుమారం వచ్చింది. నేను, ఖాసిం సాబ్ పిల్లలందరినీ ఒకచోట పడుకోబెట్టాం. ఇద్దరు మాత్రం మూడు వందల అడుగుల అవతల ఉన్నారు. అటు పోదామంటే నా చెయ్యి నాకే కనపడలేదు. అరిచాను. గాలి ఆ అరుపును నా నోట్లోకే తోసింది.

నా చేతిగడియారం ప్రకారం ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాల్లో నేను ఏమేమి అనుకున్నానో ఇక్కడ రాయను.

దుమ్ము పలచబడ్డాక ముందు నిమల్ కనిపించాడు. ఎనిమిదో చైను దగ్గర తువ్వాలు తలకు చుట్టుకొని బోర్లా పడుకొని ఉన్నాడు. ఇంగర్ ఉండవలసిన చోట లేదు. చైను కూడా లేదు. ఇంకా దూరంగా, నిమల్‌ను దాటి, ఆకాశం మొదలయ్యే చోట ఆ పిల్ల నిలబడి ఉంది.

పిలవలేదు. పిలిస్తే ఉలిక్కిపడి ఒక అడుగు ముందుకు వేస్తుందేమో. పరుగెత్తలేదు కూడా. పక్క నుంచి ఆమెకు కనపడేలా నడిచివెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. ఆమె బూటు కొన నుంచి లోయ అంచుకు ఎంత దూరమో తర్వాత కొలిచాను. నాలుగు అడుగుల ఏడు అంగుళాలు. అక్కడ లోయ లోతు మూడు వందల అడుగులు ఉంటుంది.

ఆమె భయపడి లేదు. రెండు చేతుల్లో సూదులు పట్టుకొని, ఎవరికో అప్పగించడానికి వచ్చినట్టు నిలబడి ఉంది.

"ఆయన కూర్చున్నాడు, అందుకే ఆగాను," అంది.

ఆమె చెప్పినది ఇది. దుమ్ము రాగానే పడుకోబోయింది. ఇంతలో చేతిలో చైను ముందుకు లాగింది. పని ఆగలేదు కాబోలు, నేను నియమం మార్చి ముందు పిడి అందుకున్నానేమో అనుకొని వెంట నడిచింది. ఎనిమిదో సూది దొరికింది, పీకింది. చైను మళ్ళీ లాగింది. తొమ్మిదోది దొరికింది. పదోది దొరికింది. పది అయ్యాయి కాబట్టి నేను నేర్పినట్టే పిడి కింద పెట్టి, సూదులు ముందు మనిషికి ఇవ్వడానికి చైను వెంబడి నడిచింది. ఎర్రటి దుమ్ములో ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడు, తలకు తెల్లగుడ్డ. అది నేను కాదని అప్పుడు అర్థమైంది, ఖాసిం సాబ్ కాబోలు అనుకుంది. దగ్గరికి వస్తుండగా ఆ మనిషి ఉన్నట్టుండి కూర్చున్నాడు.

ఎలా కూర్చున్నాడని అడిగాను. డేరాకు వెళ్ళాక చేసి చూపించింది. కుడి మోకాలు పైకి, ఎడమ అరచెయ్యి నేలకు. ఖాసిం సాబ్ నీళ్ళ కుండ దించి, డేరా బయటికి వెళ్ళిపోయాడు.

నేను ఆ సైగ ఎవరికీ నేర్పలేదు. ఖాసిం సాబ్‌ను తర్వాత నిలదీసి అడిగాను. నేర్పలేదని ఖురాను మీద ఒట్టు వేశాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, ఆ పిల్లకు తెలుగు రాదు. "ఆ రోజు నన్నూ పిలిచినాడేమో నాగప్పా, నేను దుమ్ముకు కండ్లు మూసుకోని పండుకొంటి. తల ఎత్తి చూల్యా," అని మాత్రం అన్నాడు. ఈ మాట నాలుగేళ్ళలో ఆయన ఎవరికీ చెప్పలేదట.

నిమల్ చెప్పిన సంగతి ఒకటి ఉంది. పడుకొని ఉండగా తన చీలమండ పక్క నుంచి చైను జరజరా ముందుకు పాకిందట. నేనే వచ్చి లాగుతున్నానని వాడూ అనుకున్నాడు.

చైను ఎక్కడ దొరికిందో కూడా రాయాలి. వెనక పిడి సరిగ్గా వెయ్యి అడుగుల దగ్గర నేల మీద ఉంది. ఆ పిల్ల లాక్కొని పోయి ఉంటే చైను ఆ పిడికి వెనక ఉండాలి. అది పిడికి ముందు ఉంది. తిన్నగా ఎనభై అడుగులు నేల మీద పరుచుకొని, మిగతా ఇరవై అడుగులూ అంచు మీదుగా లోయలోకి వేలాడుతూ ఉంది. ముందు పిడి పట్టుకున్న మనిషి ఎవరైనా ఉంటే, లెక్క ప్రకారం అతను నిలబడిన చోట నేల లేదు.

ఇక సూదులు. క్యాంపు కోసం నా పది సూదుల ఉంగరాలకు ఎర్రరంగు వేశాను. నిమల్ చేతిలో వాడవలసిన మూడు అలాగే ఉన్నాయి, మూడూ ఎర్రవి. ఇంగర్ చేతిలో పది. వాటిలో ఎర్రవి ఏడు. మిగతా మూడింటికి రంగు లేదు. బాగా తుప్పు పట్టి ఉన్నాయి. తుప్పు గీకి చూస్తే ఒక్కొక్కదానికి ఉంగరం కింద ఆకురాయితో పెట్టిన గాట్లు మూడు. వేరే సర్వే జట్ల సూదులతో కలవకుండా మా అన్న తన సూదులకు పెట్టుకునే గుర్తు అది. అన్న తప్పిపోయాక ఆఫీసుకు తిరిగి చేరిన ఏడింటి మీద ఇవే గాట్లు నేను చూశాను.

క్యాంపు పెద్దకు జరిగినదంతా చెప్పాను. ఆ లైను ఎందుకు ఎంచుకున్నానో కూడా చెప్పాను. ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. మిగతా రోజులు కోట లోపలే నేర్పమని మాత్రం అంది.

వదినకు ఎలా చెప్పాలో తెలియక సాయంత్రం దాకా తిరిగాను. ఆమెకు అప్పటికే తెలుసు. ఖాసిం సాబ్ చెప్పి ఉంటాడు. నేను వెళ్ళేసరికి పొయ్యి ముందు కూర్చొని పిండి కలుపుతోంది. మూడు సూదులు ఆమె ముందు పెట్టాను. చేతులు కడుక్కొని ఒక్కొక్కటి తీసుకొని గాట్ల మీద బొటనవేలు పెట్టి చూసింది. ఆ గాట్లు ఆయన మా ఇంటి అరుగు మీద కూర్చొని పెడుతుంటే సూదులు కదలకుండా పట్టుకుంది ఆమె.

"కూచున్నాడంటనా?" అని అడిగింది.

"ఆ, వదినా. కూచున్నాడంట."

"పాప నిలబడిందా?"

"నిలబడింది."

పొయ్యిలో కట్టె ముందుకు తోసింది.

"పారిపోయినోడు కూచోడు గదా నాగరాజా," అంది.

నేను ఆ సూదులు ఆమెనే ఉంచుకోమన్నాను. వద్దంది. "అవి ఆయనవి గాదు, సర్కారువి. ఆయన తీసుకోని పోయినాడని రాసినారే, ఆ ఆఫీసులో ఇచ్చేసి రా. ఇచ్చినట్టు రాపిచ్చుకోని రా." తర్వాత ఇంగర్‌ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకొని పెరుగన్నం కలిపి పెట్టింది. ఆ పిల్ల తినేదాకా ఆమె జుట్టులో ఉన్న ఎర్రదుమ్ము దులుపుతూనే ఉంది. నిమల్ వచ్చి గిన్నె చాపితే వాడికీ పెట్టింది. ఆ రోజు బకాసురుడు అనలేదు.

మర్నాడు పొద్దున్నే, పిల్లలు లేవకముందు, ఆ చోటు చూపించమంది. నాలుగేళ్ళలో ఆమె లోయ వైపు ముఖం పెట్టడం అదే మొదలు. పాత రాయి దగ్గర నుంచి ఆమె ముందు, నేను వెనక నడిచాం. ఎండ ఇంకా రాలేదు, గాలి లేదు. పదో చైను దగ్గర నేను గుర్తుకు పెట్టిన రాయి ఉంది. వదిన అక్కడిదాకా వెళ్ళి, కూర్చుంది.

నేను ఉన్న చోటే ఆగిపోయాను. మా మధ్య వంద అడుగులు ఉంటుంది. ఆమె ఏమైనా మాట్లాడిందో లేదో నాకు వినపడలేదు. ఆమె లేచేదాకా నేను అడుగు వెయ్యలేదు. వెనక్కి వస్తున్నప్పుడు గాజులు చేతికి ఉన్నాయి. ఇప్పటికీ ఉన్నాయి. ఊళ్ళో ఎవరైనా అడిగితే ఇప్పుడు జవాబు చెబుతుంది. "ఆయన లైను మీద ఉండాడు," అంటుంది.

దీనికి కారణాలు నేను చాలా ఆలోచించాను. ఆ దుమారంలో అన్న పిడి వదిలేసి, మూడు సూదులు వరసగా గుచ్చుకుంటూ పోయి పడిపోయి ఉండవచ్చు. ఆ సూదులు నాలుగేళ్ళు అక్కడే నిలిచి ఉండవచ్చు. అలాగైతే మూడు రోజులు అదే నేల మీద వెతికిన పదిహేను మందికీ, రోజూ మేకలు తోలుకుపోయేవాళ్ళకూ, ముందు రోజు కొలిచిన నాకూ అవి కనపడి ఉండాలి. చైను లేకుండా వంద అడుగులకొకటి ఆయన ఎలా గుచ్చాడో కూడా చెప్పాలి. గాలికి చైను కదిలి ఉండవచ్చు. అలాగైతే పడమర గాలికి అది తూర్పుకు పోవాలి, గాలికి అడ్డంగా, లోయ ఉన్న ఉత్తరానికి కాదు. ఆ పిల్ల భయంలో లేనిది చూసి ఉండవచ్చు. లేనిది చూసినా, మా అన్న కూర్చునే తీరు ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో నేను చెప్పలేను.

క్యాంపు ముగిశాక ఆ ఆఫీసుకు వెళ్ళాను. మూడు సూదులు బల్ల మీద పెడితే గుమాస్తా పాత రిజిస్టరు తీసి, ఎక్కడ దొరికాయని అడిగాడు. లైను మీద అన్నాను. అతను అంతకంటే అడగలేదు. లోటు కొట్టేసి జమ రాశాడు. సూదులే దొరికాక వాటిని తీసుకొని పారిపోయాడనే మాట ఎలా నిలుస్తుందని అడిగాను. అతను పరారీ అనే మాట మీద కూడా ఒక గీత గీశాడు. దాని బదులు ఏమి రాయాలో అతనికి తెలియలేదు. నాకూ తెలియలేదు. ఆ గడి ఖాళీగా వదిలేశాడు.

రాజధాని హైదరాబాదుకు పోయి రెండేళ్ళయింది. నేను ఇప్పటికీ లైన్ల మీదే పని చేస్తున్నాను. ఎండలో నేల ఆవిరిలాగా ఆడుతున్నప్పుడు, ముందున్న చైన్‌మన్‌ను దాటి ఇంకాస్త దూరం చూస్తూ ఉంటాను. ఇప్పటిదాకా ఎవరూ కూర్చోలేదు.

మా అన్న ఆఖరి లైను లెక్క, నా నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు: వెళ్ళిన సూదులు పది, తిరిగి వచ్చినవి పది. వెళ్ళిన మనుషులు ఇద్దరు, తిరిగి వచ్చినవారు ఒకరు.